"మా ఇంట్లో ఎవరికీ బొమ్మలు రావండీ": ఒక డ్రాయింగ్ టీచర్ వినే అపోహలు, చెప్పే వాస్తవాలు

పదహారేళ్లుగా పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నాను. క్లాసులో చేర్చడానికి వచ్చే అమ్మానాన్నలు మొదటి ఐదు నిమిషాల్లో అనే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. గుమ్మంలో నిలబడి అన్నిటికీ జవాబు చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మా ఇంట్లో ఎవరికీ కళ లేదు, వీడికి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈ మాట అన్న ఒకావిడని "సంక్రాంతికి మీ వాకిట్లో ముగ్గు ఎవరు వేస్తారు?" అని అడిగాను. "నేనే. పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు సందు చుక్క" అన్నారు టక్కున. లెక్కేయండి, మొత్తం 169 చుక్కలు. చీకటితో లేచి, కాగితం చూడకుండా, వంగుని, చిటికెడు పిండిని వేళ్ల సందుల్లోంచి ఒకే లావున జారుస్తూ వాటన్నిటినీ కలుపుతారావిడ. "అది కళ ఏంటండీ, ముగ్గే కదా!" అని నవ్వారు. మన చిక్కంతా ఆ "ముగ్గే కదా"లో ఉంది. 1970ల్లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, ఆయన తోటి పరిశోధకులు తమిళుల కోలాలను, అంటే వాళ్ల ముగ్గుల్ని తీసుకుని కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన పత్రాలు రాశారు. చుక్కల ముగ్గులో అంత లెక్క ఉంది. రోజూ పొద్దున్నే తుడిచేసేది కాబట్టి దాన్ని మనం లెక్కలోకి తీసుకోం.

బతుకమ్మ పేర్చే ఇళ్లలో చూడండి. గునుగు పూల కొసలకి ఏ రంగు అద్దాలి, తంగేడు వరస తర్వాత బంతి పెట్టాలా కట్ల పూలు పెట్టాలా అని ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు. రంగుల పొందిక మీద అంత గట్టి చర్చ నా క్లాసులో కూడా జరగదు. పాత చీరలతో బొంత కుట్టిన అమ్మమ్మ ఏ ముక్క పక్కన ఏ ముక్క వేయాలో ఎవర్నీ అడగలేదు. కళ లేని ఇల్లు నాకింతవరకు తగల్లేదు. "అది కళ" అని పైకి అనని ఇళ్లు మాత్రం చాలా చూశాను.

అపోహ: మావాడిది ఎడమ మెదడు, లెక్కల మనిషి.

ఎడమ పక్క మెదడు లెక్కలకి, కుడి పక్క మెదడు కళకి అని చాలామంది నమ్ముతారు. 2013లో అమెరికాలోని యూటా యూనివర్సిటీవాళ్లు వెయ్యికి పైగా మనుషుల మెదడు స్కాన్లు పరిశీలించారు. మొత్తంగా ఒక పక్క మెదడే ఎక్కువ వాడే మనుషులు ఉంటారనడానికి ఆధారం దొరకలేదు. ఈ మాటని ఇక్కడితో వదిలేద్దాం.

అపోహ: తప్పు గీస్తే అప్పుడే దిద్దాలి, లేకపోతే అదే అలవాటవుతుంది.

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను.

మూడు నాలుగేళ్ల పిల్లలు మనిషిని గీస్తే ఒక గుండ్రటి తల, దానికే అతుక్కుని రెండు కాళ్లు. పొట్ట ఉండదు. ఇంకాస్త పెద్దయ్యాక కాగితం అడుగున నేల గీత వస్తుంది, ఇంటి గోడల్లోంచి లోపలి మంచం కనిపిస్తుంది, నాన్నకంటే కుక్కపిల్ల పెద్దదిగా ఉంటుంది. ఆ రోజు వాళ్లకి కుక్కపిల్లే ముఖ్యం మరి. పిల్లల బొమ్మలు ఇలా మెట్లుమెట్లుగా మారతాయని విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు 1947లోనే వివరంగా రాశాడు. ఎవరూ దిద్దకపోయినా పిల్లలు ఒక మెట్టు దాటి ఇంకో మెట్టు ఎక్కుతారు. తొమ్మిదేళ్లు దాటాక అసలు కష్టం మొదలవుతుంది. కంటికి కనిపించినట్టే రావాలనే పట్టుదల వస్తుంది, చెయ్యి సహకరించదు, "నాకు రాదు" అని పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. పెద్దవాళ్లలో చాలామంది ఇప్పటికీ ఆ మెట్టు మీదే ఆగి ఉన్నారు.

మా అమ్మాయి ఐదేళ్లప్పుడు నాలుగు కాళ్ల కాకిని గీసింది. "కాకికి రెండే కాళ్లమ్మా" అని పెన్సిల్ తీసుకుని పక్కన చక్కటి కాకిని గీసి చూపించాను. టీచర్ని కదా! ఆ తర్వాత చాలా నెలలు ఏ బొమ్మకైనా పెన్సిల్ నా చేతికిచ్చి "నువ్వే గీయి" అనేది. ఇప్పుడు ఎవరి బొమ్మ మీదా నా చెయ్యి పెట్టను. "ఈ కాకి ఎక్కడికి వెళ్తోంది?" అని అడుగుతాను. కథ చెబుతూ వాళ్లే ఇంకో నాలుగు గీతలు కలుపుతారు.

దిద్దుడు ఎక్కువైతే ఏమొస్తుందో మీకు తెలుసు. సీనరీ వస్తుంది. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు, కొండల్లోంచి ఏరు. ఐదో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లలు కూడా అదే గీస్తారు, మార్కులు వచ్చే బొమ్మ అదేనని తెలుసు కాబట్టి. ఒకసారి "మీ వంటింటి కిటికీలోంచి కనిపించేది గీయండి" అన్నాను. ఒక బాబు ఎదురింటి బాల్కనీలో ఆరేసిన పదకొండు బట్టలు, ఏసీ డబ్బా మీద పావురం గీసుకొచ్చాడు. నా దగ్గర దాచుకున్న బొమ్మల్లో అదొకటి.

అపోహ: బహుమతి ఇస్తే ఇంకా బాగా గీస్తారు.

1973లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం ఒకటుంది. బొమ్మలంటే ఇష్టమున్న బడి ముందు వయసు పిల్లల్లో కొందరికి "గీస్తే రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొన్ని రోజుల తర్వాత ఖాళీ సమయంలో చూస్తే, ఆ పిల్లలు మిగతావాళ్లు గీసినదాంట్లో సగంసేపే గీశారు. చెప్పకుండా చివర్లో ఇచ్చిన పిల్లలకి ఇష్టం తగ్గలేదు. పోటీలకి పంపొద్దని అనను. ఫస్ట్ ప్రైజ్ రాలేదని దారిపొడవునా టెన్షన్ పడే అమ్మానాన్నల్ని చూశాకే ఇది చెబుతున్నాను.

అపోహ: సామాన్లకి బోలెడు ఖర్చు.

పాత శుభలేఖల వెనక భాగం మంచి దళసరి కాగితం. పసుపులో కాస్త సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది. అది మీరే కలిపి చూపించండి, సున్నం పిల్లల చేతికివ్వొద్దు. డబ్బు పెట్టేదేదైనా ఉంటే ఒక మంచి బ్రష్ మీద పెట్టండి. వెంట్రుకలు ఊడే బ్రష్‌తో పెద్దవాళ్లకే విసుగు పుడుతుంది.

అపోహ: పెద్దయ్యాక మనకెందుకు ఇవన్నీ?

ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు బొమ్మలు, మట్టిపని, ముక్కలు అతికించి చేసే కొలాజ్‌లు చేయించి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఒత్తిడి పెరిగినప్పుడు ఒంట్లో పెరిగే కార్టిసాల్ సుమారు 75 శాతం మందిలో తగ్గింది. ముందు అనుభవం ఉందా లేదా అన్నదానితో తేడా రాలేదు. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని బొమ్మలేస్తే బీపీ తగ్గుతుందని నేను చెప్పను. నా క్లాసులో కనిపించేది వేరే సంగతి. నెలకోసారి అమ్మానాన్నల్ని కూడా కూర్చోబెడతాను. ఒక పాప ఇంటికెళ్లి నానమ్మతో "నాన్న ఏనుగుని గీశాడు, పందిలా వచ్చింది!" అని చెప్పిందట. ఆ వారం నుంచి ఆ పాప రబ్బరు వాడటం బాగా తగ్గింది.

అపోహ: గోడలు పాడవుతాయి.

ఇది అపోహ కాదు, పాడవుతాయి. అద్దె ఇల్లయితే ఓనరుతో మాట కూడా పడాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు పాత క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి అంటించండి. టేపు పైన, కింద రెండు చోట్లా వేయండి. పైన మాత్రమే వేస్తే కాగితం ఎత్తి మరీ వెనక గోడ మీద గీస్తారు.