‘1984’ చదువుతున్న పిల్లలకు

తిరుపతి

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మీరు చదవడం మొదలుపెట్టిన ‘1984’ నవల 1949లో అచ్చయింది. రచయిత జార్జ్ ఆర్వెల్ మన దేశంలోనే, బీహారులోని మోతిహారిలో 1903లో పుట్టాడు. యౌవనంలో బర్మాలో బ్రిటిష్ పోలీసు అధికారిగా పనిచేసినవాడు కనుక, అధికారం మనుషులను ఎలా అణచివేస్తుందో దగ్గరగా చూశాడు.

కథానాయకుడు విన్‌స్టన్ ఇంటి గోడకు ఉండే టెలిస్క్రీన్ అతణ్ణి చూస్తుంది, అతని మాటలు వింటుంది. దాన్ని పూర్తిగా ఆపివేయడం అతని చేతిలో లేదు. పోలీసులు ఏ క్షణాన చూస్తున్నారో తెలియదు కాబట్టి, ఎప్పుడూ చూస్తూనే ఉన్నారనుకొని బతకాలి. అలిపిరిలో మన సంచులు తనిఖీ చేయడానికీ దీనికీ తేడా ఏమిటని మీరు అడగవచ్చు. అలిపిరిలో వెతికేది నిషిద్ధ వస్తువుల కోసం, అదీ కొండకు వెళ్లేటప్పుడు మాత్రమే. టెలిస్క్రీన్ వెతికేది మనసులోని మాట కోసం. ముఖంలో అసంతృప్తి కనిపించినా అక్కడ నేరమే.

విన్‌స్టన్ పొరుగువాడైన పార్సన్స్ ఘట్టాన్ని మాత్రం నిదానంగా చదవండి. దేశాన్ని ఏలే పార్టీని మనసారా నమ్మిన ఆ మనిషి నిద్రలో అధినేతకు వ్యతిరేకంగా ఏదో పలవరిస్తే, ఏడేళ్ల కూతురే తలుపు సందున విని పోలీసులకు పట్టిస్తుంది. ఆ తండ్రి జైలులో కూర్చుని, కూతురిని బాగా పెంచానని గర్వపడతాడు. చిత్రహింసల ఘట్టాల కంటే ఇదే నన్ను ఎక్కువగా కలచివేసింది, ఎందుకంటే ఇంట్లో నోరు విప్పడానికి కూడా జంకవలసిన చోట పిల్లలకు తల్లిదండ్రులు, తల్లిదండ్రులకు పిల్లలు లేకుండా పోతారు.

ఇది పరాయి దేశపు కల్పన అని పక్కన పెట్టకండి. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు మన పత్రికలు కూడా వార్తలను సెన్సారు అధికారులకు చూపించి అచ్చు వేయవలసి వచ్చింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. భద్రత కోసం ప్రభుత్వం నిఘా పెట్టవలసిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. అయితే దానికి చట్టం ఉందా, అవసరం ఉందా, ఆ అవసరానికి మించి చూస్తున్నారా అని అడిగే అధికారం పౌరులకు ఉండాలి.

మూడో భాగం చాలా బరువైనది, మీ అమ్మానాన్నలతో కలిసి చదవండి. నవల చివర ఉన్న అనుబంధాన్ని వదిలేయకండి. అది ఆ పార్టీ పాలనను గడిచిపోయిన కాలపు సంగతిలా చెబుతుంది కనుక, ఆ పాలన ఎప్పుడో కూలిపోయిందని కొందరు పాఠకులు ఊహిస్తారు. మీకేమనిపించిందో నాకు రాయండి.

మీ తాత