తీగలు ఊరి మీదుగా పోయాయి

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో దాదాపు 60 కోట్ల మందికి ఇప్పటికీ కరెంటు లేదు. మరోవైపు, సౌర విద్యుత్తుకు ప్రపంచంలోకెల్లా అనువైన వనరుల్లో 60 శాతం ఆఫ్రికా ఖండంలోనే ఉన్నాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఇంత ఎండా వృథా అవుతోందని వాపోవడం పరిపాటి. కానీ అక్కడి చీకటి కథ తీగల దగ్గర మొదలవుతుంది.

జాంబియా, జింబాబ్వే సరిహద్దులో జాంబేజీ నది మీద 1959లో కరీబా ఆనకట్ట కట్టింది ప్రధానంగా రాగి గనుల కోసం. ముంపు వల్ల 50 వేలకు పైగా టోంగా తెగ ప్రజలు ఊళ్లు వదిలారు. ఘనాలో 1965లో పూర్తయిన అకొసొంబో ఆనకట్టకు అండ అల్యూమినియం కర్మాగారం. కాంగోది మరీ విడ్డూరం. ఇంగా జలవిద్యుత్ కేంద్రం నుంచి కొల్వేజీ గనుల దాకా సుమారు 1,700 కిలోమీటర్ల లైను 1980ల ఆరంభంలో సిద్ధమైంది. అది హైవోల్టేజి డీసీ లైను, అంటే కరెంటు ఒకే దిశలో పారేది. అంత దూరం తక్కువ నష్టంతో కరెంటు పంపడానికి సరైన పద్ధతే. అయితే దారిలోని పల్లెకు కొంత కరెంటు ఇవ్వాలంటే దాన్ని ఇళ్లలో వాడే ఏసీ కరెంటుగా మార్చే భారీ కేంద్రం కట్టాలి. పల్లె కోసం అంత ఖర్చు ఎవరు పెడతారు? తీగలు నెత్తిమీదే ఉన్నా, కింద కిరోసిన్ దీపాలే వెలిగాయి. ఇంజనీర్లను తప్పుపట్టలేం, వారికి అప్పగించిన పని గనులకు కరెంటు చేర్చడం.

ఎండను వాడుకోవాలన్న ఆలోచనా కొత్తది కాదు. నైజర్ భౌతిక శాస్త్రవేత్త అబ్దూ మూమూనీ 1960ల నాటికే దాని గురించి పనిచేశారు. నియామే విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. అప్పట్లో సౌర ఫలకాల ధర సామాన్యులకు అందేది కాదు. 2010 తర్వాత ధరలు కుప్పకూలాయి. అంతకుముందే, 2007లో, కెన్యాలో ఎం-పెసా అనే మొబైల్ చెల్లింపుల సేవ మొదలై ఫోను ద్వారా చిన్న మొత్తాలు చెల్లించడం అలవాటైంది. ఆ రెండూ కలిశాక వాయిదాల మీద సోలార్ పెట్టెలు వచ్చాయి. ముందు కొంత కట్టాలి, తర్వాత రోజువారీగా చెల్లించాలి. ఆపితే దీపం దానంతటదే ఆగిపోతుంది. నాలుగు బల్బులు, ఫోను చార్జింగు, రేడియో: కిరోసిన్ పొగతో పోలిస్తే ఇది పెద్ద ఊరటే. కానీ దానితో పిండిమర తిరగదు. అందుకే దీన్ని విద్యుదీకరణ లెక్కలో వేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు.

పెద్ద కేంద్రాలకు అడ్డు మరోచోట ఉంది. డీజిల్‌ను రోజూ కొనుక్కోవచ్చు. సౌర కేంద్రానికి దాదాపు ఖర్చంతా మొదటే పెట్టాలి. ఆ డబ్బు అప్పుగా తేవాలి. ఈ దేశాలకు వడ్డీ ఎక్కువ కాబట్టి, ఎండ ఉచితమైనా యూనిట్ ధర పెరుగుతుంది. 2030 నాటికి 30 కోట్ల మందికి కరెంటు ఇస్తామని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు 2024లో ప్రకటించాయి.

అదే ఏడాది కరువుతో కరీబా జలాశయం అడుగంటింది. జాంబియాలో గంటల తరబడి కోతలు పడ్డాయి. గ్రిడ్ ఉన్న రాజధాని లుసాకాలోనూ జనం సౌర ఫలకాలు కొనుక్కున్నారు.