తెర చాటున పెరిగే కృష్ణబిలాలు

చిరంజీవులకు ఆశీస్సులు.

వెలుతురునే బయటికి పోనివ్వని కృష్ణబిలం పెరుగుతోందని శాస్త్రవేత్తలు ఎలా కనిపెడతారని మీరు అడిగారు. లోపల పడిపోయిన దాని జాడ మనకెన్నటికీ అందదు గాని, పడబోతున్న వాయువు మాత్రం బిలం చుట్టూ సుడులు తిరుగుతూ, ఒరిపిడికి విపరీతంగా వేడెక్కి, ఒక్కొక్కప్పుడు ఆ బిలం ఉన్న గెలాక్సీలోని నక్షత్రాలన్నిటినీ మించి ప్రకాశిస్తుంది. బిలానికి మరీ దగ్గరగా, అంతకంటే వేడిగా ఉండే భాగం నుంచి ఎక్స్ కిరణాలు వెలువడతాయి. చిక్కేమిటంటే, కృష్ణబిలానికి మేతగా మారే వాయువూ ధూళీయే చాలాచోట్ల చుట్టూ దట్టంగా పేరుకొని మన చూపుకు అడ్డు నిలుస్తాయి. కంటికి కనిపించే కాంతిని ధూళి ఆపేస్తుంది, తక్కువ శక్తి గల ఎక్స్ కిరణాలను వాయువు మింగేస్తుంది.

ఇలా తెర చాటున పెరిగే కృష్ణబిలాలు చాలా ఉండాలన్న అనుమానం ఒక్క గెలాక్సీని చూసి పుట్టింది కాదు. 1962 జూన్‌లో రికార్డో జియకోనీ అనే శాస్త్రవేత్త బృందం చంద్రుని నుంచి ఎక్స్ కిరణాలు వస్తాయేమో చూద్దామని ఒక రాకెట్ పంపితే, ఆకాశంలో అన్ని దిక్కుల నుంచీ సన్నని ఎక్స్ కిరణ కాంతి వస్తున్నట్లు బయటపడింది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టి 1999లో పంపిన చంద్ర టెలిస్కోపు, ఆ కాంతిలో తక్కువ శక్తి గల భాగంలో అధికాంశం విడివిడి చుక్కలేననీ, వాటిలో ఎక్కువ పెరుగుతున్న కృష్ణబిలాలేననీ చూపింది. అయితే ఆ కాంతి అన్నిటికన్నా బలంగా ఉండేది సుమారు 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది కిరణాల శక్తికి కొలత) దగ్గర; చంద్ర చూపు 10 దగ్గరే ఆగిపోతుంది. ఆ 10కి పైనున్న కాంతి లెక్క సరిపోవాలంటే, దట్టమైన తెర వెనుక మరెన్నో కృష్ణబిలాలు ఉండి తీరాలి.

ఆ తెర ఎంత దట్టం? మన చూపు సాగే దారిలో చదరపు సెంటీమీటరుకు 15 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని హైడ్రోజన్ పరమాణువులు ఉంటే దానిని అత్యంత దట్టమైన తెరగా లెక్కిస్తారు. సంఖ్యను చూసి బెదరకండి, తూకం వేస్తే అది రెండున్నర గ్రాములే, అంటే రెండున్నర సెంటీమీటర్ల లోతు నీటితో సమానం. మన తల మీది గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు కిలో ఉంటుంది కనుకనే ఎక్స్ కిరణ టెలిస్కోపులను అంతరిక్షానికి పంపక తప్పదు. ఆసుపత్రిలో మీ ఛాతీలోంచి దూసుకుపోయే ఎక్స్ కిరణాల వంటి శక్తిమంతమైన కిరణాలు ఆ రెండున్నర గ్రాముల తెరను కొంతవరకైనా దాటి రాగలవు.

వాటిని ఒకచోటికి చేర్చి బొమ్మ కట్టడం మాత్రం కష్టం. అద్దానికి ఎదురుగా తగిలితే అవి అద్దంలోకే చొచ్చుకుపోతాయి; ఉపరితలాన్ని రాసుకుంటూ పోయినప్పుడే కొద్దిగా వంగుతాయి. అందువల్ల 2012 జూన్‌లో అమెరికా పంపిన నూస్టార్ అనే ఎక్స్ కిరణ టెలిస్కోపులో ఒకదానిలో ఒకటి ఇమిడిన 133 పలుచని అద్దపు గుల్లల కట్టలు రెండు అమర్చి, వాటికీ కిరణాలను గుర్తించే పరికరానికీ మధ్య 10 మీటర్ల దూరం ఉండేలా, కక్ష్యలోకి చేరాక చాచుకునే స్తంభాన్ని పెట్టారు. నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా ముచ్చట గొలిపేది ఆ స్తంభమే. నూస్టార్ 3 నుంచి 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు చూడగలదు.

తెర మరీ మందమైతే ఆ కిరణాలూ నేరుగా రావు. అప్పుడు చుట్టుపక్కల వాయువుకు తగిలి చెదిరి వచ్చినవాటినీ, అందులోని ఇనుము 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వదిలే ప్రత్యేకమైన గీతనూ పట్టుకొని, లోపలి దీపం ఎంత ప్రకాశవంతమో లెక్కగడతారు. మనకు 3.8 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, అంటే పొరుగనదగిన చోట ఉన్న ఎన్‌జీసీ 1448 గెలాక్సీ నడిమి కృష్ణబిలం దట్టమైన తెర వెనుక ఉందని 2017లో ఇలాగే తేలింది.

తెర అన్నిచోట్లా ఒకే మందంతో ఉండదు, కదలకుండానూ ఉండదు. తిమింగల రాశిలోని ఎన్‌జీసీ 1068 అనే గెలాక్సీ ఎంతో కాలంగా తెలిసినదే అయినా, 2014 ఆగస్టులో నూస్టార్ చూసేసరికి దాని అధిక శక్తి కిరణాలు మునుపటికన్నా సుమారు మూడో వంతు పెరిగి కనిపించాయి. లోపల కృష్ణబిలం మేత పెరిగి కాదు. మన దారికి అడ్డుగా ఉన్న మేఘాల్లో ఒకటి కాస్త పక్కకు తొలగింది.

ఇట్లు,
మీ తాతయ్య