ఆయాకు ఏది చెప్పొచ్చు, సిస్టరే ఏది చేయాలి? వార్డులో పని అప్పగింతపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఏ పెద్ద ఆసుపత్రి జనరల్ వార్డులోనైనా ఒక మంచం చుట్టూ నలుగురైదుగురి చేతులు పనిచేస్తుంటాయి. స్టాఫ్ నర్సు, స్టూడెంట్ నర్సు, ఎఫ్ఎన్ఓ, ఎంఎన్ఓ, పక్కనే స్టూలు మీద కూర్చున్న బంధువు. ప్రైవేటులో అయితే ఎఫ్ఎన్ఓను ఆయా అని, ఎంఎన్ఓను వార్డ్ బాయ్ అని అంటాం. వీళ్లలో ఎవరికి ఏ పని చెప్పాలో ప్రతి షిఫ్టులోనూ తేల్చుకోవాల్సింది సిస్టరే. ఇంజెక్షన్ చేయడం నేర్పినంత శ్రద్ధగా ఈ విషయం మనకు ఎవరూ నేర్పరు. డ్యూటీలో కొత్తగా చేరినవాళ్లు నన్ను అడిగేవి, వార్డులో రోజూ చెవిన పడేవి తీసుకుని ఇది రాస్తున్నాను. రోగుల ఇంటివాళ్లు కూడా చదవండి, మీ పని కూడా ఇందులో చాలా ఉంది.

అపోహ: చిన్న పనులు ఎవరైనా చేయొచ్చు, పెద్ద పనులే నర్సు చేయాలి.

వాస్తవం: అన్నం తినిపించడం కన్నా చిన్న పని ఏముంటుంది? రెండు చేతులకూ కట్లు ఉన్న పాతికేళ్ల కుర్రాడికి ఆయా తినిపించొచ్చు, వాళ్లమ్మ తినిపించొచ్చు. పక్షవాతంతో నిన్న రాత్రి చేరిన తాతగారికి అదే ఇడ్లీ ముక్క నోట్లో పెట్టాలంటే మాత్రం ముందు ఆయన మింగగలరో లేదో పరీక్షించి తీరాలి. మూతి ఒక పక్కకు జారి ఉంటుంది, మాట ముద్దగా వస్తుంటుంది, చెంచాడు నీళ్లు పోస్తే దగ్గు వస్తుంది, లేదా గొంతులో గురగురమంటుంది. కొందరికి ఆ దగ్గు కూడా రాదు. మెతుకులు చడీచప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోతాయి, తర్వాత న్యుమోనియా పట్టుకుంటుంది. కాబట్టి ఆ పరీక్ష అయ్యేదాకా నోటితో ఏమీ ఇవ్వకూడదు, మందు బిళ్ల కూడా. నాలుగు రోజులు పోయి, మింగడం బాగుందని తేలాక, అదే తాతగారికి తినిపించమని ఎఫ్ఎన్ఓ అక్కకు నిశ్చింతగా చెప్పొచ్చు. అది కూడా వివరంగా చెప్పాలి: నిటారుగా కూర్చోబెట్టు, చిన్న ముద్దలు పెట్టు, ఒకటి మింగాకే ఇంకొకటి, దగ్గు వస్తే ఆపి నన్ను పిలువు.

అందుకే ‘ఆయాలు చేయదగిన పనులు’ అని గోడకు అంటించిన జాబితాతో సగం పనే అవుతుంది. మిగతా సగం మంచం దగ్గర నిలబడి చూస్తే గానీ తేలదు. రోగి నిలకడగా ఉన్నాడా? పని ప్రతిసారీ ఒకే తీరున జరిగేదేనా? మధ్యలో తేడా వస్తే అక్కడికక్కడ నిర్ణయం తీసుకోవాల్సి వస్తుందా? తప్పు జరిగితే ఎంత నష్టం? నేను చూసుకునేవి ఇవి. మధ్యలో ఆలోచించి తేల్చాల్సింది ఉంటే ఆ పని నర్సు చేతిలోంచి పోకూడదు. రోగి చేరగానే చేసే మొదటి పరిశీలన, కేర్ ప్లాన్, ఇచ్చిన చికిత్సకు రోగి ఎలా ఉన్నాడో అంచనా, ఇంటికి పంపేటప్పుడు చెప్పే జాగ్రత్తలు ఈ కోవలోకే వస్తాయి.

అపోహ: విదేశీ పుస్తకాల్లో జాబితాలు ఉన్నాయి కదా, అవి పాటిస్తే సరిపోతుంది.

వాస్తవం: సూత్రాలు తీసుకోవచ్చు, జాబితాలు తీసుకోలేం. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి, అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ కలిసి 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐదు విషయాలు సరిచూసుకోమంటారు: సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. ఇవి ఎక్కడైనా పనికొస్తాయి. కానీ అక్కడి నర్సింగ్ హోముల్లో సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని కేంద్ర నిబంధన ఉంది. మన వార్డుల్లో చాలామంది పక్కవాళ్లను చూసి నేర్చుకున్నవాళ్లే. వాళ్లలో ఇరవై ఏళ్ల అనుభవంతో, రోగి ముఖం చూసి “సిస్టర్, ఈయన తేడాగా ఉన్నాడు” అని చెప్పగలిగేవాళ్లు ఉన్నారు. నిన్న కాంట్రాక్టు మీద చేరినవాళ్లూ ఉన్నారు. యూనిఫాం ఒకటే కదా అని ఇద్దరికీ ఒకే పని చెప్పకూడదు.

అపోహ: వైటల్స్ అంటే అంకెలే. మెషీన్ చూపిస్తుంది, ఎవరు రాసినా ఒకటే.

వాస్తవం: ఏ వార్డులోనైనా టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టు తిరగేసి శ్వాస గడి చూడండి. 20, 20, 20, 20. వరుసగా అందరికీ అదే అంకె. ముక్కుపుటాలు ఎగరేస్తూ, మెడ కండరాలు బిగబట్టి ఊపిరి తీస్తున్న మనిషికి కూడా 20 ఎలా అవుతుంది? మంచం పక్కన నిలబడి, గడియారం చూస్తూ, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పెద్దవాళ్లకు 12 నుంచి 20 వరకు మామూలు. రోగి దిగజారుతున్నప్పుడు చాలాసార్లు బీపీ కన్నా ముందు మారేది ఈ శ్వాసే. దాన్ని చూడకుండా రాసేస్తే, మనకు దొరికే మొదటి హెచ్చరికను మనమే చెరిపేసుకున్నట్టు.

నిలకడగా ఉన్న రోగికి టెంపరేచర్, బీపీ, పల్స్ చూసే పని శిక్షణ పొందిన సహాయకులకు ఇవ్వొచ్చు. ఆపరేషన్ థియేటర్ నుంచి ఇప్పుడే వచ్చిన రోగికి, రక్తం ఎక్కుతున్న రోగికి, గంట క్రితం బీపీ పడిపోయిన రోగికి మాత్రం సిస్టరే చూడాలి. ఇచ్చినప్పుడు కూడా “అందరివీ చూసి రాసేయ్” అంటే అది సూచన కాదు. “పై బీపీ 100 కన్నా తగ్గినా, 160 దాటినా, పల్స్ 110 దాటినా, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గినా చార్టులో రాసే ముందే నాకు చెప్పు” అనాలి. ఆ హద్దులు రోగిని బట్టి మారుతాయి. పొగతాగి ఊపిరితిత్తులు పాడైన సీఓపీడీ రోగులకు చాలామందిలో ఆక్సిజన్ 88 నుంచి 92 మధ్యనే ఉంచుతాం. ఆ సంగతి తెలియని చేయి ఆక్సిజన్ పెంచితే మేలు బదులు కీడు జరగొచ్చు. ఆక్సిజన్ కూడా మందే. ఎంత ఇవ్వాలన్నది డాక్టరు రాస్తారు, దాన్ని చూసుకునేది నర్సు.

చెప్పడం అయ్యాక “ఏం చేస్తావో ఓసారి చెప్పక్కా” అని తిరిగి చెప్పించుకోండి. చాలామంది మనమీద గౌరవంతోనో భయంతోనో అర్థం కాకపోయినా తలూపుతారు.

అపోహ: బంధువులు చేసేది సేవ. దాన్ని పని అప్పగించడం అనరు.

వాస్తవం: నా దృష్టిలో మన వార్డుల్లో అన్నిటికన్నా పెద్ద అప్పగింత ఇదే. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ నేర్పరు, ఎవరూ తిరిగి చూడరు. శ్రీకాకుళం నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు రోగి మంచం కిందే చాప పరుచుకుని పడుకుంటారు. యూరోబ్యాగ్ (మూత్రం సంచి) ఖాళీ చేసేది వాళ్లు, ఒళ్లు తుడిచేది వాళ్లు, పక్కకు తిప్పేది వాళ్లు, ముక్కులోంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబులో పాలు పోసేది కూడా వాళ్లే.

సెలైన్ సంగతి చూడండి. 500 మిల్లీలీటర్ల బాటిల్ ఆరు గంటల్లో వెళ్లాలని ఆర్డరు. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి దాదాపు 28 చుక్కలు. సిస్టర్ లెక్కపెట్టి పెట్టి వెళ్తుంది. గంట తర్వాత వచ్చి చూస్తే బాటిల్ సగానికి వచ్చి ఉంటుంది. “అవ్వట్లేదని నేనే కాస్త ఇప్పీసినానమ్మా” అంటాడు కొడుకు. వాళ్ల నాన్నకు గుండె బలహీనం, ఆ నీరంతా ఊపిరితిత్తుల్లో చేరే ప్రమాదం ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. అతన్ని కసిరి లాభం లేదు. బాటిల్ పెట్టిన రోజునే చుక్కల వేగం సర్దే ఆ చక్రం చూపించి, “బాబూ, దీన్ని ముట్టుకోకు. బాటిల్ అయిపోవస్తున్నా, చేయి వాచినా, నొప్పి అన్నా నన్ను పిలువు” అని చెప్తే సరిపోయేది.

రైల్స్ ట్యూబు ఫీడ్ ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. ట్యూబు వేయడం, అది కడుపులోనే ఉందని నిర్ధారించడం నర్సు పని. ప్రతి ఫీడుకు ముందూ చూడాలి, ఎందుకంటే దగ్గినా వాంతి చేసుకున్నా ట్యూబు జరగొచ్చు. ట్యూబులోంచి లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే కడుపులో ఉన్నట్టు లెక్క. సిరంజిలో గాలి కొట్టి స్టెతస్కోపుతో వినడం ఒక్కటీ నమ్మదగింది కాదు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, ఫీడు అయ్యాక కూడా అరగంట నుంచి గంట అలాగే ఉంచాలి. ఇంటికి ట్యూబుతోనే వెళ్లబోయే రోగి అయితే బంధువుకు ఇవన్నీ నేర్పి తీరాలి. నా ఎదుట చేయించి, సరిగ్గా చేశారని చూశాకే వదులుతాను. ఒక్కసారి చూపించి “ఇలాగే పొయ్యండి” అంటే అది నేర్పడం కాదు. వచ్చినవాళ్లకు ఒడియా లేదా కువి తప్ప మరో భాష సరిగ్గా రాకపోతే, ఆ భాష తెలిసిన స్టాఫును పిలిచి చెప్పించాలి. తెలుగులో గట్టిగా అరిచినంత మాత్రాన అర్థం కాదు.

మూత్రం కూడా అంతే. యూరోబ్యాగ్ ఖాళీ చేసి పారబోస్తారు, లెక్క పోతుంది. 60 కిలోల మనిషికి గంటకు సుమారు 30 మిల్లీలీటర్లన్నా రావాలి. కొలిచే జార్ చేతికిచ్చి, “పారబోసే ముందు ఎంతో చూసి ఈ కాగితం మీద రాయండి, రాయడం రాకపోతే నాకు చూపించండి” అంటే ఆ పని బంధువులు చక్కగా చేస్తారు.

అపోహ: మందు లోడ్ చేసి పెడితే ఎవరు ఇచ్చినా ఒకటే.

వాస్తవం: కాదు. ఒకరు లోడ్ చేసింది ఇంకొకరు ఇవ్వకూడదు, అది సాటి నర్సు అయినా సరే. ఇన్సులిన్ చూడండి. మన దగ్గర సీసాల్లో వచ్చేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నుల్లో ఉండేది 100 యూనిట్లు. పెన్ను కార్ట్రిడ్జ్‌లోంచి, సీసా మందుకు వాడే 40 సిరంజితో 10 గీత దాకా లాగితే రోగికి వెళ్లేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! షుగరు పరీక్షకు వేలు గుచ్చడం శిక్షణ ఇచ్చి అప్పగించొచ్చు, సీతాఫలం తిన్న చేయి కడక్కుండా గుచ్చితే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుందని కూడా చెప్పి. వచ్చిన అంకె చూసి ఇన్సులిన్ ఇవ్వాలా, ఆపాలా, భోజనం వచ్చిందా లేదా చూసేది మాత్రం నర్సే. 70 కన్నా తగ్గితే ఆ అంకె కాగితం మీద ఆగకూడదు, వెంటనే సిస్టర్ చెవిన పడాలి.

రక్తం కూడా ఇలాగే. బ్లడ్ బ్యాంకు నుంచి బ్యాగు తేవడానికి ఎంఎన్ఓను పంపొచ్చు, దారిలో టీకి ఆగొద్దని చెప్పి, రోగి వివరాలు రాసిన కాగితంతో. మంచం దగ్గర ఇద్దరు కలిసి పేరు, గ్రూపు, బ్యాగు నంబరు సరిచూడటం, మొదటి 15 నిమిషాలు రోగి పక్కనే ఉండటం నర్సుల పని.

అపోహ: పని అప్పగించాక బాధ్యత వాళ్లదే.

వాస్తవం: చెప్పినట్టు చేసే బాధ్యత వాళ్లది. ఆ పని, ఆ రోగికి, ఆ మనిషికి ఇవ్వొచ్చని తేల్చిన బాధ్యత మనదే, జరిగిందో లేదో చూసే బాధ్యతా మనదే. “నాకు ఇది రాదు సిస్టర్” అని ఆయా చెప్తే మెచ్చుకోండి. విసుక్కుంటే ఇంకోసారి చెప్పదు, వచ్చినట్టే చేసేస్తుంది.

అపోహ: స్టూడెంటుకు ఇస్తే నర్సుకు ఇచ్చినట్టే.

వాస్తవం: స్టూడెంటు నేర్చుకోవడానికి వచ్చింది, పోస్టు భర్తీ చేయడానికి కాదు. మూడో ఏడాది అమ్మాయి అయినా మందు ఇచ్చేటప్పుడు పక్కన రిజిస్టర్డ్ నర్సు ఉండాల్సిందే.

అపోహ: మంచి నర్సు అన్నీ తనే చేసుకుంటుంది.

వాస్తవం: ఈ మాట విని ఒళ్లు గుల్ల చేసుకుంటున్న పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. నైట్ డ్యూటీలో ఎలా ఉంటుందో మనకు తెలుసు. దుప్పట్లు మార్చడం, శాంపిల్స్ ల్యాబుకు పంపడం, నడవగల రోగిని బాత్రూముకు తీసుకెళ్లడం కూడా నర్సే నెత్తిన వేసుకుంటే, పదో బెడ్ రోగి అయోమయంగా మాట్లాడుతున్నాడన్నది ఎవరు గమనిస్తారు? అయితే సిబ్బందిని తీసుకోకుండా, ఇన్సులిన్ కూడా ఆయాలతోనే కానిచ్చేయమనే యాజమాన్యానికి ఇది సాకు కాకూడదు. అలాంటి మాట వస్తే కాదని చెప్పండి, సూపరింటెండెంటుకు రాసివ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

అపోహ: రద్దీ రోజున ఈ నియమాలేవీ నిలవవు.

వాస్తవం: 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకై వందల మంది ఆసుపత్రుల పాలైన సంగతి ఈ ఊరు మరచిపోదు. అలాంటి రోజున ఇంకా ఎక్కువ పనులు ఇతరులకు ఇవ్వాలి. స్ట్రెచర్లు తోయడం, తడి గుడ్డతో ఒళ్లు తుడవడం, పేర్లు రాసుకోవడం, పిల్లలను తల్లుల దగ్గరకు చేర్చడం ఎవరైనా చేయొచ్చు. ఎవరిని ముందు చూడాలి, ఎవరికి ఆక్సిజన్ ముందు పెట్టాలి అన్నది తేల్చే చోట మాత్రం డాక్టరో నర్సో నిలబడాలి. చేతులు ఎంత ఎక్కువైతే ఆ ఒక్కరు అంత అవసరం.

అపోహ: ఇంట్లో నర్సును పెట్టాం, ఇక చింత లేదు.

వాస్తవం: ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో ఇలాంటి ఇళ్లు ఎన్నో. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉంటారు, ఇక్కడ పెద్దవాళ్లకు తోడుగా బ్యూరో పంపిన అమ్మాయి ఉంటుంది. తెల్ల కోటు వేసుకున్నంత మాత్రాన నర్సు కాదు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు. ఆపైన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగండి, అడిగితే తప్పేం లేదు. లేకపోతే ఆమె సహాయకురాలు. స్నానం, తినిపించడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, నడిపించడం, మందుల టైము గుర్తుచేయడం ఆమె బాగా చేయగలదు. ఇన్సులిన్ మోతాదు మార్చడం, యూరిన్ కాథెటర్ వేయడం, పుండుకు కొత్త మందు రాయడం ఆమెతో చేయించకండి, ఆమె “నాకు వచ్చండి” అన్నా సరే.

అమ్మగారిని డిశ్చార్జ్ చేసే రోజునే ఒక కాగితం తీసుకుని సిస్టర్ దగ్గర కూర్చోండి. ఆమె చేసే పనులు ఒక వైపు, ముట్టుకోకూడనివి రెండో వైపు రాయించండి. షుగరు ఎంతకు తగ్గితే, మూత్రం ఎన్ని గంటలు రాకపోతే, మాట ఎలా మారితే ఎవరికి ఫోన్ చేయాలో నంబర్లతో సహా కింద రాయండి. 108 కూడా రాయండి. ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఆ అమ్మాయితో ఒకసారి పైకి చదివించండి.