నీళ్ళు ఎక్కడ ఆవిరి కావాలి, ఎక్కడ కాకూడదు

అమ్మడికీ, చిన్నోడికీ అమ్మమ్మ దీవెనలు.

డాబా మీద మొక్కలు మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేస్తున్నాయనీ, రెండు పూటలా బకెట్లకొద్దీ నీళ్ళు పోస్తున్నా తేరుకోవడం లేదనీ ఫోన్లో చెప్పారు. ఫోన్లో చెప్పి వదిలేసే సంగతి కాదిది. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మిట్టమధ్యాహ్నం వంగ, బీర, దోస ఆకులు వాలినంత మాత్రాన వాటికి దాహమని అనుకోకూడదు. వేర్లు తాగే నీటికన్నా ఆకుల నుంచి పోయే నీరు ఆ కాసేపూ ఎక్కువగా ఉంటుంది, అంతే. సాయంత్రానికి ఆకులు వాటంతటవే నిలబడితే మట్టిలో తడి ఉన్నట్టే. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే మొక్క నిజంగా అడుగుతున్నట్టు. అనుమానంగా ఉంటే రెండు అంగుళాల లోతు దాకా వేలు గుచ్చి చూడండి. తడి తగిలితే పొయ్యకండి. అదేపనిగా పోస్తే వేర్లకు గాలి అందక కుళ్ళిపోతాయి, అప్పుడూ ఆకులు ఇలాగే వాలతాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాయడానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరంతా ఆవిరైపోవడానికి దానికి దాదాపు ఎనిమిది రెట్ల వేడి కావాలి. ఆ వేడిని నీరు తన పక్కనున్న వాటి నుంచే లాక్కుంటుంది. ఆకు మీద ఆవిరైతే ఆకు చల్లబడుతుంది, కుండ మీద ఆవిరైతే లోపలి నీళ్ళు చల్లబడతాయి, ఒంటి మీద చెమట ఆరితే మనం చల్లబడతాం. కానీ మొక్క మొదట్లో బోసిగా ఉన్న మట్టి మీంచి ఆవిరైందంటే చాలావరకు వృథాయే. వేసవిలో తోటపని అంటే నీరు ఎక్కడ ఆవిరి కావాలో, ఎక్కడ కాకూడదో చూసుకోవడమే.

మన పల్నాడులో ఈ తేడా తెలియకపోతే పెరడు నిలవదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, నల్లరేగడి అంతకు ముందే నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో కాలవ నీళ్ళు రావు. నేను మడులన్నిటి మీదా మూడు అంగుళాల మందాన వరిగడ్డి పరుస్తాను. ఎండుటాకులైనా సరే. కాండానికి మాత్రం రెండు వేళ్ళ దూరం వదలండి, లేకపోతే మొదలు మెత్తబడుతుంది. వారానికోసారి గడ్డి ఎత్తి చెదలు పట్టాయేమో చూడండి.

గడ్డి కన్నా నాకు ఇష్టమైనది పాతిన కుండ. మెరుగు పెట్టని, రంగు వెయ్యని మట్టికుండను మెడదాకా పాతి, నీళ్ళు నింపి, మూత పెడతాను. చుట్టూ అడుగు దూరంలోపు మొక్కలు. మట్టి ఎండేకొద్దీ కుండ గోడల్లోంచి నీళ్ళు ఊరుతాయి, మట్టి తడిగా ఉంటే ఊరడం తగ్గుతుంది. ఎవరూ తిప్పక్కర్లేని కుళాయి అది. చైనాలో రెండువేల ఏళ్ళ కిందటే దీని గురించి రాసిపెట్టారు. మూత మాత్రం తప్పనిసరి. నీళ్ళు పైనుంచి ఆవిరైపోకుండా ఉంటాయి, దోమలు గుడ్లు పెట్టవు.

మీవి తొట్లు కాబట్టి చిన్న కుండలు చాలు. తొట్లకు ఇంకో కష్టం ఉంది. మన పెరట్లో వేర్లు నేల లోపల చల్లగా ఉంటాయి, మీ దగ్గర కింద శ్లాబు, పక్కల ప్లాస్టిక్, అన్నీ కాలుతుంటాయి. తొట్లను ఇటుకల మీద ఎత్తి, ఒకదానికొకటి ఆనుకునేలా పెట్టండి. మొక్కలు పెట్టిన నల్ల సంచులకు బయట సున్నం పుయ్యండి. డాబాకూ వేయించమని నాన్నకు చెప్పండి. తెల్లటి కప్పు ఎండను వెనక్కి కొడుతుంది, కింద గదులు కూడా చల్లబడతాయి. ఇందుకోసమే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. షేడ్ నెట్ యాభై శాతానిది, అంటే సగం ఎండను ఆపేది కొనండి, లేదా పాత నూలుచీర కట్టండి. పడమటి వైపు కిందిదాకా దించండి. ప్లాస్టిక్ పట్టా వద్దు, గాలి ఆడదు.

టమాటా పూలు రాలిపోతున్నాయని చిన్నోడు బెంగపడ్డాడట. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కిందికి దిగకపోతే పుప్పొడి చచ్చుబడుతుంది, పిందె నిలవదు. నువ్వు చేసిన లోపమేం లేదురా నాన్నా. నీడ ఇచ్చి మొక్కను బతికించు చాలు, చల్లబడ్డాక మళ్ళీ పూస్తుంది. యూరియా గట్రా ఇప్పుడు వెయ్యకు. ఈ ఎండల్లో చేతికొచ్చేవి బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి, గోంగూర, దొండ.

అమ్మడూ, నీ బీరపాదుకు అన్నీ మగపూలే రావడం కూడా ఎండ వల్లే. పగళ్ళు పెద్దవై వేడి పెరిగితే తీగజాతి మగపూలే ఎక్కువ పూస్తుంది. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక, పువ్వు వెనకే సన్నని పిందె ఉంటుంది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మీ అయిదో అంతస్తుకు ఆ వేళ తేనెటీగలు రాకపోతే, మగపువ్వు కోసి రేకులు తీసి, దాని పుప్పొడి ఆడపువ్వు నడిమి భాగానికి నువ్వే అద్దు. అలా నిలిచిన పిందెను రోజూ చూస్తుంటే ఎంత బాగుంటుందో నీకే తెలుస్తుంది.

కోసిన కూరలు వాడిపోకుండా ఉండాలంటే ఇసుక తొట్టి కట్టండి. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక పోసి తడుపుతూ, పైన తడిగుడ్డ కప్పి నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్ళు ఇదే సూత్రంతో ఇటుకల గూడు తయారుచేశారు, కరెంటు అక్కర్లేదు.

ఎయిర్ కూలర్ కూడా ఇంతే. తడి గడ్డిలోంచి వచ్చే గాలి చల్లగా ఉండాలంటే బయటి పొడిగాలి లోపలికి రావాలి, అందుకే కూలర్ వెనక కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూసేస్తే గదిలో ఉక్కపోస్తుంది. ఇంట్లో ఫ్యాను నెమ్మదించిందని చెప్పారు కదా, చాలాసార్లు మోటారుకు ఊపునిచ్చే కండెన్సర్ (కెపాసిటర్) బలహీనపడి ఉంటుంది. పాతదాని మీద రాసినంతే, మామూలుగా 2.5 మైక్రోఫారడ్‌ది, తెచ్చి మార్చాలి. మెయిన్ ఆపి నాన్నే మార్చాలి, మీరు టార్చి పట్టుకుని చూడండి, నేర్చుకోండి.

ఈ పనులన్నీ పొద్దున ఎనిమిదిలోపే, లేదా సాయంత్రం అయిదు దాటాకే. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండువేల మందికి పైగా పోయారు. ఎండలో కూలికి వెళ్ళక తప్పనివాళ్ళు వాళ్ళలో ఎందరో. మీకు ఆ అవసరం లేదు, కాబట్టి మొక్క వాలిందని మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కొద్దు. పైకెళ్ళేముందు మజ్జిగ తాగండి.

మామయ్యతో నాలుగు కుండలు పంపిస్తున్నాను. పాతేముందు రాత్రంతా నీళ్ళు పోసి ఉంచండి. తెల్లారాక బయట తడిమితే చల్లగా, చెమ్మగా తగిలినవే తొట్లలో పాతండి. పొడిగా ఉన్నవి విత్తనాలు దాచుకోవడానికి పనికొస్తాయి.

మీ అమ్మమ్మ