ఒకే పెన్నుతో ఎనిమిది గంటలు

బుజ్జీ, చిన్నూ,

మొన్న బుజ్జి ఫిజిక్స్ రికార్డు చూశాను. లోలకం ప్రయోగంలో g, అంటే గురుత్వ త్వరణం, విలువ పుస్తకంలో ఉన్నట్టే సరిగ్గా 980. ఎలా వచ్చిందే అంటే, "వెనక నుంచి లెక్కేసి రాశా తాతయ్యా, తేడా వస్తే మేడమ్ తిడతారు, క్లాసులో అందరూ అంతే" అన్నావు. నిన్ను కోప్పడటానికి కాదు తల్లీ, నాకు జీడిమెట్ల గుర్తొచ్చి రాస్తున్నాను.

అక్కడ ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉండేవాణ్ణి. కోల్డ్ రూమ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గంటగంటకీ చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. ఒక పొద్దున తెరిస్తే రాత్రి పది నుంచి ఆరింటి దాకా ప్రతి గడిలోనూ 5. ఒకే పెన్ను, ఒకే వాలు, అన్నీ ఒక్క ఊపులో రాసినట్టు. నిజంగా గంటకోసారి లేచి రాసిన పేజీలో ఒక అంకెయినా నిద్రమత్తులో గీత దాటుతుంది. షిఫ్టు కుర్రాణ్ణి కూర్చోబెట్టి, టీ ఇచ్చి అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రెండింటికి 11 చూశాడట. వారం కింద ఇంకొకడు 9 అని రాసినందుకు సూపర్‌వైజర్ అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు, అది చూసి భయపడ్డాడు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ సరుకంతా పారబోశాం, కానీ అబద్ధం నేర్పింది మేమే.

టయోటా ఫ్యాక్టరీల్లో లైను పక్కన ఒక తాడు ఉండేది. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగొచ్చు, వెంటనే లీడర్ సాయానికి వస్తాడు, సర్దుకోకపోతే లైనే ఆగుతుంది. తాడు ఎవరైనా కట్టగలరు, సాయానికి వచ్చిన లీడర్ లాగినవాడితో మొదట ఏమంటాడన్నదే అసలు సంగతి. మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో 1980లో క్వాలిటీ సర్కిళ్ళు మొదలైనప్పుడూ ఇదే నమ్మకం, మిషన్ దగ్గర నిలబడేవాళ్ళే కూర్చుని తమ పనిలో లోపాలు తామే మాట్లాడుకోవడం.

మేమూ మారాం, నెమ్మదిగా. హద్దు దాటిన రీడింగ్ వచ్చిన రాత్రి మేనేజరే ఫోన్ చేసి "మంచిపని చేశావు, ఏమైంది చెప్పు" అనేవాడు. పుస్తకంలో దిద్దాలంటే పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, సంతకం, తేదీ వేయాలి, వైట్‌నర్ పూయకూడదు. ఏడాది గడిచాక గానీ పేజీల్లో 7లూ 8లూ, అప్పుడప్పుడూ 9 కనిపించలేదు.

ఆదివారం రండి. బాల్కనీ గ్రిల్‌కి దారం కట్టి లోలకం ఊపుదాం. ఎంత వస్తే అంతే రాద్దాం, తేడా ఎందుకొచ్చిందో వెతుకుదాం. మేడమ్‌తో మాట్లాడాలంటే నేనూ వస్తాను.

మీ తాతయ్య