ఒక్క వాక్యం, ఊరికో కత్తెర: పాత హాలీవుడ్‌లో పాత్రలు ఎవరికి దక్కాయి

పాత హాలీవుడ్ సినిమాల్లో నల్లజాతి నటులు పనిమనుషులుగానో పాటగాళ్లుగానో మిగిలిపోయారెందుకు, చైనా పాత్రలకు తెల్లవాళ్లు మేకప్ వేసుకున్నారెందుకు అంటే "ఆ రోజులు అలాంటివి" అనేస్తారు. ఆ జవాబు చాలదు. ఆ పక్షపాతం కాగితం మీద నియమంగా ఉండేది. దాన్ని అమలు చేయడానికి ఆఫీసు ఉండేది, తప్పితే జరిమానా ఉండేది.

స్టూడియోల సంఘం 1930లో ప్రొడక్షన్ కోడ్‌ను, అంటే సినిమాల్లో ఏం చూపకూడదో చెప్పే నియమావళిని, ఆమోదించింది. మొదట్లో దాన్ని గట్టిగా అమలు చేయలేదు. 1934లో దాని అమలు పగ్గాలు జోసెఫ్ బ్రీన్ అనే అధికారి చేతికి వచ్చాక స్క్రిప్టు దశలోనే వడపోత మొదలైంది. ఆమోదముద్ర లేకుండా సినిమా విడుదల చేస్తే సభ్య సంస్థకు 25,000 డాలర్ల జరిమానా. తెల్ల, నల్ల జాతుల మధ్య లైంగిక సంబంధం చూపకూడదన్నది కోడ్‌లో ఒక వాక్యం. రాసింది రెండు జాతుల గురించే అయినా, ఆచరణలో ఆసియావాళ్లనూ అందులోకి లాగారు.

'ది గుడ్ ఎర్త్' (1937) చైనా రైతు దంపతుల కథ. రైతు పాత్ర తెల్లజాతి నటుడు పాల్ మునికి వెళ్లింది. ఇక భార్యగా చైనా మూలాలున్న నటికి దారి మూసుకుపోయింది. లాస్ ఏంజెలెస్‌లోనే పుట్టి, యూరప్‌లోనూ పేరు తెచ్చుకున్న అన్నా మే వాంగ్ ఎంతో ఆశపడ్డ పాత్ర అది. లూయీజ్ రైనర్ చైనా స్త్రీలా మేకప్ వేసుకుని చేసింది, ఆస్కార్ అందుకుంది. ఇద్దరూ తెల్లవాళ్లే కాబట్టి కోడ్‌కు అడ్డేమీ లేదు.

కోడ్ ఒక్కటే అయితే లెక్క తేలికే. 1915లో అమెరికా సుప్రీంకోర్టు సినిమా కేవలం వ్యాపారమని, దానికి వాక్‌స్వాతంత్ర్య రక్షణ లేదని తీర్పిచ్చింది. దాంతో రాష్ట్రాలు, ఊళ్లు కూడా సొంత సెన్సార్ బోర్డులు నడుపుకున్నాయి. అమెరికా దక్షిణాది నగరం మెంఫిస్ బోర్డు 1947లో 'కర్లీ' అనే పిల్లల సినిమాను ఆపేసింది. బడిలో నల్ల, తెల్ల పిల్లలు కలిసి కూర్చోవడమే దాని నేరం. దక్షిణాది థియేటర్ల రాబడి వదులుకోలేక స్టూడియోలు ముందే జాగ్రత్తపడేవి. ఎంజీఎం స్టూడియో సినిమాల్లో నల్లజాతి గాయని, నటి లీనా హార్న్ పాటలను గమనించండి: చాలాచోట్ల ఒంటరిగా నిలబడి పాడుతుంది, కథలోని మనుషులెవరూ ఆమెతో మాట్లాడరు. ఆ ముక్క కోసేస్తే కథలో అతుకు కనిపించదు. కోయడానికి వీలుగానే తీశారు. అంత గొంతు, అంత సమ్మోహనం ఉన్న మనిషికి ఇచ్చిన చోటు అది.

'పింకీ' (1949)లో నాయిక తెల్లగా కనిపించే నల్లజాతి యువతి. తెల్ల డాక్టరుతో ప్రేమ సన్నివేశాలున్నాయి కదా, ఆ పాత్ర తెల్లజాతి నటి జీన్ క్రెయిన్‌కే ఇచ్చారు. అయినా టెక్సస్‌లోని మార్షల్ ఊరు ఒప్పుకోలేదు. అనుమతి లేకుండా ఆడించిన థియేటర్ మేనేజర్‌కు 200 డాలర్ల జరిమానా పడింది. 1952లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. అంతకు వారం ముందే, మరో కేసులో, సినిమాకూ వాక్‌స్వాతంత్ర్యం ఉందని తేల్చింది. ఊళ్ల బోర్డులు బలహీనపడ్డది అక్కడినుంచే.

కోడ్‌లోని ఆ వాక్యాన్ని 1956 డిసెంబరులో తొలగించారు. మరుసటి ఏడాది వచ్చిన 'ఐలాండ్ ఇన్ ద సన్'లో నల్లజాతి నటుడు హ్యారీ బెలఫాంటే, తెల్లజాతి నటి జోన్ ఫాంటేన్ ఒకరిపట్ల ఒకరు ఆకర్షితులవుతారు గానీ, వాళ్ల మధ్య తెరమీద ఒక్క ముద్దు కూడా ఉండదు. వాక్యం పోయేనాటికి అన్నా మే వాంగ్‌కు 51 ఏళ్లు.